8 కిలోలు మోస్తుందన్న హెడ్ 850 గ్రాములకే వాలిపోయింది: తక్కువ బడ్జెట్‌లో ట్రైపాడ్ హెడ్ ఎలా ఎంచుకోవాలి?

2025 సెప్టెంబర్ 7, ఆదివారం రాత్రి. సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి 11 గంటలకి చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లి, 12:22 దాకా ఎర్రగా ఉంటాడని ముందే తెలుసు. అంటే చేతిలో ఉన్నది 82 నిమిషాలు. "గ్రహణం వేళ బయట తిరగొద్దురా" అని నానమ్మ అంటున్నా వినకుండా పది గంటలకే డాబా ఎక్కేశా. కెమెరా కెనాన్ 1500డి, లెన్స్ 55-250 ఎంఎం, కింద రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలకి కొన్న ట్రైపాడ్. దాని బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో "లోడ్ కెపాసిటీ 8 కిలోలు" అని ఉంది. నా కెమెరా 475 గ్రాములు, లెన్స్ 375 గ్రాములు. మొత్తం 850 గ్రాములు. ఇక భయమెందుకు అనుకున్నా.

చంద్రుణ్ని ఫ్రేమ్ మధ్యలో పెట్టా. నాబ్ బిగించా. చెయ్యి తీశా. లైవ్ వ్యూలో చంద్రుడు మెల్లగా కిందికి జారాడు. మళ్ళీ సరిచేసి ఇంకా గట్టిగా బిగించా. మళ్ళీ అదే. చివరికి జారేదాన్ని లెక్కేసుకుని చంద్రుణ్ని కాస్త పైన పెట్టి బిగించడం మొదలెట్టా. అలా 82 నిమిషాల్లో సగం నాబ్‌తో కుస్తీకే పోయింది. తీసిన 60 ఫొటోల్లో లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే పనికొచ్చేవి మూడంటే మూడు. మిగతావన్నీ ఎర్రటి మసక ముద్దలు.

మామూలు పౌర్ణమికి ఇదే ట్రైపాడ్‌తో మంచి ఫొటోలే వచ్చాయి. మరి ఇప్పుడేమైంది? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఓ నెల పాటు ట్రైపాడ్ హెడ్ల మీద పడ్డా. ఫ్రెండ్స్ దగ్గర అరువు తెచ్చా, షాపుల్లో తిప్పి చూశా, చివరికి 3,400 రూపాయలు పెట్టి ఒక హెడ్ కొన్నా. మీరు కూడా మొదటి కెమెరా కొని, ట్రైపాడ్ మీద ఎక్కువ పెట్టలేక ఆలోచిస్తుంటే ఇది మీకోసమే.

తప్పు హెడ్‌దేనా, నాదా?

ముందు తప్పు నా వైపు ఎంత ఉందో చూసుకున్నా. నిండు పౌర్ణమి చంద్రుడు చాలా వెలుగుగా ఉంటాడు. షటర్ స్పీడ్ 1/250 లాంటిది సరిపోతుంది. అంత తక్కువ సమయంలో హెడ్ కొంచెం జారినా ఫొటోలో కనపడదు. గ్రహణం పట్టిన చంద్రుడు అలా కాదు. ఐఎస్ఓ 1600 పెట్టినా నా షటర్ ఒక సెకను దాటింది, కొన్ని ఫొటోలకి రెండు సెకన్లు పెట్టా.

ఇక్కడ నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆకాశం కదులుతూనే ఉంటుంది. గంటకి 15 డిగ్రీలు. చంద్రుడి వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ, అంటే రెండు నిమిషాల్లో తన వెడల్పంత దూరం జరిగిపోతాడు. నా 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద 250 ఎంఎం దగ్గర అది సెకనుకి సుమారు 5 పిక్సెళ్లు. రెండు సెకన్లకి 10 పిక్సెళ్లు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన హెడ్ పెట్టినా ఈ మసక పోదు. ఐఎస్ఓ 3200 లేదా 6400కి పెంచి షటర్‌ని అర సెకను లోపలికి తేవాల్సింది. కొంత తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

మిగతా తప్పు ఎవరిదో తేల్చాలంటే కదలని చుక్క ఒకటి కావాలి. మా వీధి చివర సెల్ టవర్ ఉంది, దాని కొసన ఎర్ర లైటు. డాబా మీద ఓ మూల నుంచి చూస్తే దాదాపు 50 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. గాలి లేని రాత్రి చూసి కెమెరాని దాని మీద పెట్టా. బిగించి, చెయ్యి తీసి, టైమర్‌తో రెండు సెకన్ల ఫొటో. టవర్ ఎక్కడికీ పోదు కాబట్టి లైటు చుక్కలా రావాలి. గీతలా వచ్చింది. ఐదు నిమిషాలు ఆగి తీసినా గీత చిన్నదైంది తప్ప చుక్క కాలేదు. అనుమానం తీరిపోయింది, జారుతున్నది హెడ్డే.

తర్వాత ఊరికే దూరంగా ఉన్న ఇంకో టవర్ మీద, కెమెరా దాదాపు అడ్డంగా ఉండేలా పెట్టి అదే టెస్ట్ చేశా. ఈసారి చుక్క చక్కగా వచ్చింది! అదే హెడ్, అదే కెమెరా, అదే లెన్స్. అడ్డంగా పెడితే పాస్, పైకెత్తితే ఫెయిల్. నాకు అసలు విషయం అర్థమైంది ఇక్కడే.

కిలోల లెక్క ఎందుకు పనికిరాదు?

నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడిస్తే పెద్ద కష్టం అనిపించదు. అదే బిందెని చెయ్యి ముందుకు చాచి పట్టుకోమంటే నిమిషం నిలబడలేం. బిందె బరువు మారలేదు, ఒంటికీ బిందెకీ మధ్య దూరం మారింది. ట్రైపాడ్ హెడ్ కథ కూడా అంతే. కెమెరా బరువు సరిగ్గా హెడ్ మీద నిలువుగా ఉంటే 8 కిలోలేం ఖర్మ, ఇంకా ఎక్కువే మోస్తుంది. పక్కకి వాలిన బరువుని జారకుండా ఆపడమే కష్టం.

నా సెటప్‌లో లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. బరువంతా ఒక చోట ఉందనుకుంటే ఆ చోటు ట్రైపాడ్ స్క్రూ కంటే ఓ 4 సెంటీమీటర్లు ముందుకి ఉంటుంది, లెన్స్ వల్ల. బాల్ మధ్య నుంచి చూస్తే ఓ 10 సెంటీమీటర్లు పైన ఉంటుంది. కెమెరా అడ్డంగా ఉన్నప్పుడు హెడ్‌ని ఇబ్బంది పెట్టేది ఆ 4 సెంటీమీటర్లే. కాస్త పైకెత్తి 20 డిగ్రీల చిల్లర దగ్గరికి తెస్తే బరువు సరిగ్గా బాల్ మీదికి వస్తుంది, హెడ్‌కి అసలు కష్టమే ఉండదు. ఇంకా పైకెత్తితే మాత్రం ఆ 10 సెంటీమీటర్ల ఎత్తు వెనక్కి వాలడం మొదలవుతుంది. గ్రహణం రాత్రి చంద్రుడు 65 డిగ్రీల దాకా పైనున్నాడు. అక్కడ బరువు దాదాపు 7 సెంటీమీటర్లు వెనక్కి పోయింది. అందుకే కెమెరా వెనక్కి వాలుతూ, లెన్స్ ముక్కు పైకి లేస్తూ, ఫ్రేమ్‌లో చంద్రుడు కిందికి జారాడు. లెన్స్ బరువుకి ముందుకే వాలుతుందని అనుకుంటూ ఉన్నా, నిజానికి జరిగింది తలకిందులు.

కంపెనీలు రాసే కిలోల లెక్క అన్నిటికీ ఒకే పద్ధతిలో కొలిచింది కూడా కాదు. ఓ ఉదాహరణ చూడండి. సిరూయి కే-10ఎక్స్ అనే బాల్ హెడ్ బరువు 350 గ్రాములు, లోడ్ 20 కిలోలు అని రాస్తారు. మాన్‌ఫ్రోటో ఎక్స్‌ప్రో గేర్డ్ హెడ్ బరువు 750 గ్రాములు, లోడ్ 4 కిలోలు అంటారు. రెండూ పేరున్న కంపెనీలే. అంకె చూసి మొదటిది రెండోదానికంటే ఐదు రెట్లు గట్టిది అనుకుంటే పొరపాటు. ఒకరు ఎంత బరువుకి విరగదో చెప్తుంటే, ఇంకొకరు ఎంత బరువుతో హాయిగా పని చేసుకోవచ్చో చెప్తుండొచ్చు. ఈ అంకెల్ని ఒకే కంపెనీవాళ్ల రెండు మోడళ్లని పోల్చుకోవడానికి వాడండి. రెండు కంపెనీల మధ్య పోటీ పెట్టకండి. పేరు కూడా సరిగా లేని కంపెనీ "25 కిలోలు" అని రాస్తే నవ్వుకుని ముందుకెళ్లండి.

ఏ హెడ్ ఏ పనికి?

మార్కెట్లో ఐదు రకాలు దొరుకుతాయి. మన బడ్జెట్‌కి అందేవి మూడు.

బాల్ హెడ్: ఒక గోళం, దాన్ని పట్టి ఉంచే నాబ్. ఒక్క నాబ్ వదులు చేస్తే కెమెరా ఎటైనా తిరుగుతుంది. చిన్నది, తేలిక, బ్యాగ్‌లో ఇమిడిపోతుంది. ట్రావెల్, ల్యాండ్‌స్కేప్, ఫ్యామిలీ ఫొటోలకి బాగుంటుంది. ఇబ్బంది ఏంటంటే నాబ్ వదులు చేయగానే అన్ని వైపులా ఒకేసారి కదులుతుంది. హొరైజన్ సరిగ్గా పెట్టుకున్నాక కొంచెం పైకి జరపాలంటే మళ్ళీ అంతా మొదటికొస్తుంది. కొనేటప్పుడు బాల్ ఎంత పెద్దదో చూడండి. బాల్ పెద్దదైతే పట్టు దొరికే చోటు ఎక్కువ, అదే బిగింపుకి ఎక్కువ ఆపుతుంది. నా పాత హెడ్ బాల్ గోలీ కంటే కొంచెం పెద్దది, అంతే. 1500డి లాంటి కెమెరాకి, చిన్న టెలిఫొటో లెన్స్‌కి 35 ఎంఎం చుట్టుపక్కల ఉంటే మేలు.

త్రీ-వే హెడ్: రెండో మూడో పొడుగు హ్యాండిళ్లు ఉంటాయి. పైకీ కిందికీ ఒకటి, పక్కకి వాల్చడానికి ఒకటి, చుట్టూ తిప్పడానికి ఒకటి. ఒక దిక్కు మారిస్తే మిగతా రెండూ కదలవు. ప్రొడక్ట్ ఫొటోలు, ఇంటీరియర్లు, ఫుడ్ తీసేవాళ్లకి ఇదే హాయి. పెద్దగా ఉంటుంది, బ్యాగ్‌లో పెట్టాలంటే విసుగు. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన దాంట్లో నాకు ఇంకో సమస్య వచ్చింది: 65 డిగ్రీలు పైకి ఎత్తబోతే సగంలోనే ఆగిపోయింది. చాలా త్రీ-వే హెడ్లు ముందుకి 90 డిగ్రీలు వాల్తాయి కానీ వెనక్కి కొంచెమే. దీనికి చిట్కా సింపుల్. ప్లేట్‌ని తిప్పి కెమెరాని వెనక్కి ముందు చేసి పెట్టండి. అప్పుడు ముందుకి వాల్చినట్టే వాల్చితే లెన్స్ ఆకాశం వైపు లేస్తుంది.

వీడియో హెడ్: ఒకటే పొడుగు హ్యాండిల్, మెత్తగా పక్కకీ పైకీ తిరుగుతుంది. యూట్యూబ్ వీడియోలు, ఫంక్షన్లు షూట్ చేసేవాళ్లకి ఇదే కావాలి. కానీ కెమెరాని నిలువుగా తిప్పలేం. తక్కువ ధరలో "ఫ్లూయిడ్" అని రాసి ఉన్నా లోపల మామూలు గ్రీజు ఫ్రిక్షన్ ఉన్నవి చాలానే ఉంటాయి. షాపులో హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా తిప్పండి. మొదట మొరాయించి తర్వాత ఒక్కసారిగా కదిలితే మీ వీడియోలో కూడా అలాగే కుదుపు వస్తుంది.

మిగతా రెండు గింబల్ హెడ్, గేర్డ్ హెడ్. గింబల్ పెద్ద పక్షుల లెన్స్‌ల కోసం. సిగ్మా 150-600 లాంటి దాదాపు 2 కిలోల లెన్స్, దానికి సొంత ట్రైపాడ్ కాలర్ ఉంటేనే దాని అవసరం. మన 55-250కి కాలరే లేదు కాబట్టి అటు చూడక్కర్లేదు. గేర్డ్ హెడ్‌లో నాబ్ తిప్పితే కెమెరా వెంట్రుక వాసి జరుగుతుంది. మాక్రో, చంద్రుడు, బిల్డింగులు తీసేవాళ్లకి స్వర్గమే. ధర చూస్తే మాత్రం మళ్ళీ భూమ్మీదికి వస్తాం.

షాపులో నేర్చుకున్న పాఠం

ఆన్‌లైన్‌లో రివ్యూలు చదివి చదివి విసుగొచ్చి, ఓ శనివారం కెమెరా బ్యాగ్ వేసుకుని కోఠి వెళ్లా. కెమెరా సామాన్లు అమ్మే చిన్న షాపు. నేను ఒక బాల్ హెడ్ చూపించి "అన్నా, ఇది ఎన్ని కిలోలు మోస్తది?" అని అడిగా.

"కిలోలు తర్వాత తమ్మీ. కెమెరా తెచ్చినవా?"

"తెచ్చాను అన్నా."

"లెన్స్?"

"అది కూడా ఉంది."

"అయితే నన్నేం అడుగుతవ్? పెట్టి చూసుకో."

కౌంటర్ మీద ఒక ట్రైపాడ్ పెట్టి, మూడు హెడ్లు ముందు పడేశాడు. నేను అరగంట సేపు ఎదురు బిల్డింగ్ మీది నీళ్ల ట్యాంక్‌ని గురి పెట్టి ఒక్కో హెడ్ బిగిస్తూ చూశా. మూడిట్లో అన్నిటికంటే ఎక్కువ కిలోలు రాసి ఉన్నదే అన్నిటికంటే ఎక్కువ జారింది. నేను కొన్నది లోడ్ అంకె తక్కువున్నది, బాల్ మాత్రం 36 ఎంఎం.

బ్రాండ్ పేరు ఏంటని అడుగుతారని తెలుసు. కావాలనే చెప్పట్లేదు. ఈ ధరలో అచ్చం ఒకేలా కనిపించే హెడ్లు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. నాకు వచ్చిన పీస్ బాగుంది కాబట్టి మీకూ అలాంటిదే వస్తుందని చెప్పలేను. పేరు ఒక్కసారే పనికొస్తుంది, టెస్ట్ చేయడం వస్తే ఎప్పుడైనా పనికొస్తుంది.

ఇంట్లో చేసుకునే ఐదు టెస్టులు

షాపులో కుదరకపోతే ఆన్‌లైన్‌లో కొనండి. కానీ రిటర్న్ గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, ఆ లోపలే ఇవన్నీ చేసేయండి. అన్నీ కలిపి గంట పట్టదు.

1. బాటిల్ టెస్ట్: కెమెరా పెట్టకముందే చేయాలి. లీటర్ నీళ్ల బాటిల్ అంటే కిలో బరువు. హెడ్‌ని సగానికి వాల్చి బిగించి, క్లాంప్‌కి తాడుతో బాటిల్ వేలాడదీయండి. కిలోకే జారితే మీ కెమెరాని దాని చేతిలో పెట్టకండి.

2. చెయ్యి తీసే టెస్ట్: మీ దగ్గరున్న పొడుగు లెన్స్ పెట్టి ఫుల్ జూమ్ చేయండి. దూరంగా ఉన్న ట్యాంక్ అంచు, కిటికీ మూల లాంటిది గురి పెట్టండి. లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి బిగించి చెయ్యి తీయండి. ఎంత జరిగిందో చూడండి. కొంచెమైనా జరగని హెడ్ మన బడ్జెట్‌లో దొరకదు. జరిగి ఆగిపోతే ఫర్వాలేదు, ఆగకుండా జారుతూ ఉంటేనే ప్రమాదం. ఇదే టెస్ట్‌ని మీరు నిజంగా తీసే కోణంలో కూడా చేయాలి. చంద్రుడు తీస్తారా, పైకెత్తి. ఫుడ్ తీస్తారా, కిందికి వంచి. రీల్స్ తీస్తారా, నిలువుగా తిప్పి. నా పాత హెడ్ రెండేళ్లు మంచిదనిపించుకున్నది అడ్డంగా వాడినన్నాళ్లే.

3. టవర్ లైటు టెస్ట్: రాత్రి దూరపు లైటు ఏదైనా సరే. బిగించాక 15 సెకన్లు ఆగి, టైమర్‌తో రెండు సెకన్ల ఫొటో. చుక్క వస్తే పాస్, గీత వస్తే ఫెయిల్. నా కొత్త హెడ్‌లో వెంటనే తీస్తే చిన్న గీత వచ్చింది, 15 సెకన్లు ఆగితే చుక్క. ఆ 15 సెకన్లు ఆగడం నేర్చుకున్నా.

4. తట్టే టెస్ట్: లైవ్ వ్యూ పెద్దది చేసి లెన్స్‌ని వేలితో మెల్లగా తట్టండి. ఊగడం ఎన్ని సెకన్లలో ఆగుతుందో లెక్కపెట్టండి. ఆగడం లేదంటే నేరుగా హెడ్‌ని తిట్టకండి. సెంటర్ కాలమ్ కిందికి దించి మళ్ళీ తట్టండి. తేడా కనిపిస్తే తప్పు కాళ్లది.

5. ప్లేట్ టెస్ట్: కెమెరాని నిలువుగా తిప్పి ఐదు నిమిషాలు వదిలేయండి. ప్లేట్ మీద కెమెరా దానంతటదే తిరిగిపోతే స్క్రూ సరిగ్గా బిగియలేదన్నమాట, లేదా ప్లేట్ మీది రబ్బరు పనికిరాదు. వేలితో తిప్పే స్క్రూ కంటే అలెన్ కీతోనో, రూపాయి బిళ్లతోనో బిగించేది నయం.

కొనేముందు చూడాల్సిన చిన్న చిన్న విషయాలు

మీ పాత ట్రైపాడ్ హెడ్ అసలు ఊడుతుందా? ఇది అన్నిటికంటే ముందు చూడాలి. తక్కువ ధర ట్రైపాడ్లలో చాలావాటికి హెడ్ కాళ్లకి అతికే ఉంటుంది, మార్చలేం. సెంటర్ కాలమ్‌ని గట్టిగా పట్టుకుని హెడ్‌ని ఎడమవైపు తిప్పి చూడండి. కింద చిన్న గ్రబ్ స్క్రూలు ఉంటే ముందు వాటిని వదులు చేయాలి. నాది ఊడింది కాబట్టి 3,400తో బయటపడ్డా, లేకపోతే మొత్తం కొత్త ట్రైపాడే కొనాల్సి వచ్చేది.

స్క్రూ సైజు కూడా చూడండి. కెమెరా అడుగున ఉండేది 1/4 అంగుళం. కాళ్లకీ హెడ్‌కీ మధ్య ఉండేది మామూలుగా 3/8 అంగుళం, కొన్ని చిన్న ట్రైపాడ్లకి అది కూడా 1/4 ఉంటుంది. సైజులు కలవకపోతే మధ్యలో వేసే చిన్న ఇత్తడి రింగు లాంటి అడాప్టర్ చవగ్గా దొరుకుతుంది.

ప్లేట్ ఆర్కా-స్విస్ రకం అయితే మేలు. సుమారు 38 ఎంఎం వెడల్పు, రెండు వైపులా ఏటవాలు అంచులు ఉండే ప్లేట్ అది. ఇప్పుడు బోలెడు కంపెనీలు ఇదే వాడుతున్నాయి. ప్లేట్ పోయినా ఇంకొకటి దొరుకుతుంది, రేపు హెడ్ మార్చినా పాత ప్లేట్లు పనికొస్తాయి. అయితే ఒక కంపెనీ ప్లేట్‌కీ ఇంకో కంపెనీ ప్లేట్‌కీ వెంట్రుక వాసి తేడా ఉంటుంది. నాబ్ తిప్పి బిగించే క్లాంప్ ఆ తేడాని సర్దుకుంటుంది. లివర్ నొక్కి బిగించేది ఒక ప్లేట్‌కి సరిపోయి ఇంకోదానికి వదులైపోవచ్చు. ఎప్పుడైనా సరే, కెమెరా పెట్టాక చెయ్యి వదిలేముందు ఒకసారి లాగి చూడండి. ప్లేట్ చివర్ల చిన్న స్టాపర్ పిన్నులు ఉంటే తీసేయకండి, క్లాంప్ వదులైనా కెమెరా జారి కింద పడకుండా ఆపేవి అవే.

బాల్ హెడ్‌కి చుట్టూ తిప్పడానికి వేరే నాబ్ ఉందా చూడండి. పనోరమా తీసేటప్పుడు ఇది లేకపోతే బాల్ మొత్తం వదులు చేయాల్సి వస్తుంది. ఫ్రిక్షన్ నాబ్ ఉంటే ఇంకా మంచిది. దాన్ని మీ కెమెరా బరువుకి తగ్గట్టు ఒకసారి సెట్ చేసుకుంటే, పొరపాటున మెయిన్ నాబ్ వదిలినా కెమెరా ధడాలున పడకుండా మెల్లగా వాలుతుంది.

బాల్‌కి నూనె గానీ గ్రీజు గానీ పుయ్యకండి. దాని పనే ఫ్రిక్షన్. దుమ్ము పడితే పొడి బట్టతో తుడిస్తే చాలు.

మరి మీకు ఏది?

ల్యాండ్‌స్కేప్, ట్రావెల్, అప్పుడప్పుడు చంద్రుడు: 35 ఎంఎం చుట్టుపక్కల బాల్, పాన్ నాబ్, ఆర్కా క్లాంప్ ఉన్న బాల్ హెడ్. నేను తీసుకున్నది ఇదే.

ఇంట్లో ఫుడ్, ప్రొడక్ట్, చేనేత చీరల ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు: త్రీ-వే హెడ్. ఎక్కడికీ మోసుకెళ్లరు కాబట్టి బరువు సమస్యే కాదు.

వీడియోలే ఎక్కువ: వీడియో హెడ్. నిలువు ఫొటోలు కావాలంటే కెమెరాకి ఎల్-బ్రాకెట్ వేసుకోవాల్సి వస్తుంది, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఫోన్ మాత్రమే వాడేవాళ్లు: హెడ్ మీద డబ్బు పెట్టకండి. ఫోన్ బరువుకి మామూలు హెడ్ చాలు. మంచి ఫోన్ హోల్డర్ ఒకటి కొనుక్కోండి.

పెద్ద జూమ్ లెన్స్ కొనాలనుకుంటున్నవాళ్లు: ఇప్పుడే హెడ్ కొనకండి. ముందు లెన్స్ రానివ్వండి. ఇవాళ్టి లెన్స్‌కి సరిపోయే హెడ్ రేపటి లెన్స్‌కి చాలదు, రెండుసార్లు డబ్బు పోతుంది.

ఇంకో మాట. కాళ్లు బాగా సన్నగా, ముట్టుకుంటే ఊగేలా ఉంటే కొత్త హెడ్ కొనడం దండగ. హెడ్ బిగుసుకుని నిలబడ్డా కాళ్లు ఊగుతూనే ఉంటాయి. నాలుగో టెస్ట్‌లో కాళ్లే దొరికిపోతే డబ్బు అటువైపు పెట్టండి.

ఇప్పుడు నా ఫొటోలు ఎలా ఉన్నాయి?

కొత్త హెడ్ వచ్చాక వచ్చిన మొదటి పౌర్ణమికి మళ్ళీ డాబా ఎక్కా. పౌర్ణమి వెలుగులో తేడా తెలీదు కాబట్టి, కావాలనే ఐఎస్ఓ తగ్గించి, అపర్చర్ మూసి, లెన్స్ ముందు ముదురు ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి షటర్‌ని అర సెకనుకి తెచ్చా. సెంటర్ కాలమ్ కిందికి దించా, లెన్స్ స్టెబిలైజర్ ఆఫ్ చేశా, లైవ్ వ్యూలో రెండు సెకన్ల టైమర్ పెట్టా. బిగించి 15 సెకన్లు ఆగా. పది ఫొటోల్లో ఎనిమిది బాగా వచ్చాయి. చంద్రుడి మీద గుంతల అంచులు కూడా కనిపించాయి. హెడ్ పర్ఫెక్ట్ అని చెప్పను. బిగించేటప్పుడు ఇప్పటికీ చంద్రుడు తన వెడల్పులో పావు వంతు జరుగుతాడు. ఎటు జరుగుతాడో తెలుసు కాబట్టి ముందే అటుపక్కగా పెట్టి బిగిస్తా. 3,400 రూపాయలకి నాకు దొరికింది అది, నాకు చాలు.

గ్రహణం రాత్రి తీసిన ఆ మూడు ఫొటోల్లో ఒకటి ప్రింట్ తీయించి గోడకి పెట్టా. కొంచెం మసకే. నానమ్మ చూసి "బాగానే ఉందిగా, ఎర్రగా" అంది. ఆమెకి పిక్సెళ్లతో పనిలేదు.

సంపూర్ణ చంద్రగ్రహణం మొదలు నుంచి చివరి దాకా మన దేశంలో మళ్ళీ కనిపించేది 2028 డిసెంబర్ 31 రాత్రి. అది కూడా ఆదివారమే. ఆ రాత్రి సంపూర్ణ దశ 71 నిమిషాలు, ఊరంతా న్యూ ఇయర్ హడావిడిలో ఉంటుంది. ఈసారి నాబ్‌తో కుస్తీ పట్టే ఉద్దేశం నాకు లేదు. మీ హెడ్‌ని మాత్రం ఈ వారమే ఒకసారి పైకెత్తి, బిగించి, చెయ్యి తీసి చూడండి.